స్క్రీను కొనాలా? చేసుకోవాలా?

ఒక ఊళ్ళో ఇద్దరు తోడికోడళ్ళు ఉన్నారు. పెద్దామెకు కుట్టుమిషను ఉంది. చిన్నామె రాత్రి బడికి వెళ్ళి చదువు నేర్చుకుంది. ఇద్దరూ పొదుపు సంఘంలో సభ్యులే.

పక్క వీధిలో పెళ్ళి కుదిరింది. పెళ్ళివారు పెద్దామె దగ్గరకు వచ్చారు. “20 గలీబులు కుట్టాలి. ఒక్కోదాని మీద తామర పువ్వు అచ్చు వెయ్యాలి” అన్నారు. గుడ్డ వాళ్ళే తెచ్చి ఇచ్చారు. కొంత బయానా కూడా ఇచ్చారు.

గుడ్డ మీద అచ్చు వెయ్యాలంటే స్క్రీను కావాలి. పెద్దామె పట్నం బయలుదేరింది. ఎవరో తెలిసినావిడ, “110 మెష్ అడుగు” అని చెప్పింది. పెళ్ళి కార్డులు అచ్చువేసే షాపులో పెద్దామె అదే అడిగింది. షాపతను, “110 లేదమ్మా, 120 ఉంది. పదే కదా తేడా!” అన్నాడు. నిజమే కదా అనుకుంది. తామర పువ్వు బొమ్మ ఇచ్చి, స్క్రీను చేయించుకుని వచ్చింది.

ఇంటికి వచ్చి అచ్చు మొదలుపెట్టింది. మొదటి గలీబు మీద పువ్వు వెలిసిపోయినట్టు పడింది. గట్టిగా నొక్కి లాగింది. ఈసారి రంగు పక్కలకు పాకింది. ఆరో గలీబుకు పువ్వు చుట్టూ చుక్కలు చుక్కలుగా రంగు కారింది. ఎనిమిదో గలీబు మీద ఒక పువ్వు రెండు పువ్వుల్లా కనపడింది. పెద్దామెకు గుండె జారిపోయింది. గుడ్డ పరాయివాళ్ళది. పెళ్ళికి ఇక 12 రోజులే ఉంది.

“నా చేతికి పని రాదు, అంతే” అని పెద్దామె కూలబడింది.

చిన్నామె బిల్లు తీసి చదివింది. అందులో “120, సెం.మీ.” అని రాసి ఉంది. “అక్కా, ఇది అంగుళం లెక్క కాదు. సెంటీమీటరు లెక్క. తప్పు నీ చేతిది కాదు, స్క్రీనుది” అంది.

ఆ స్క్రీనులో ఏం తప్పు ఉంది? మంచి స్క్రీను ఎలా ఉంటుంది? ఇంట్లో చేసుకోవచ్చా? కొంటే ఏం చూసి కొనాలి? తెలుసుకుందాం.

స్క్రీను అంటే ఏమిటి?

ముగ్గు అచ్చు మీరు చూసే ఉంటారు. రేకు అడుగున చిల్లులు ఉంటాయి. ముగ్గు పోసి తడితే చిల్లుల్లోంచి పిండి రాలుతుంది. చిల్లు లేనిచోట రాలదు. నేల మీద ముగ్గు పడుతుంది.

స్క్రీను కూడా అంతే. ఒక చట్రానికి సన్నని జాలీ గుడ్డ బిగిస్తారు. ఆ గుడ్డను మెష్ అంటారు. బొమ్మ ఉన్నచోట జాలీని తెరిచి ఉంచుతారు. మిగతా చోట మూసేస్తారు. పైన రంగు పోసి రబ్బరు పట్టీతో లాగుతారు. తెరిచి ఉన్నచోట రంగు కిందకు దిగుతుంది. కింద ఉన్న గుడ్డ మీద బొమ్మ పడుతుంది. ఆ రబ్బరు పట్టీని స్క్వీజీ అంటారు.

పూర్వం ఈ జాలీకి పట్టు గుడ్డ వాడేవారు. పిండిమరల్లో పిండి జల్లించడానికి నేసిన సన్నని పట్టు గుడ్డ అది. అందుకే దీన్ని సిల్క్ స్క్రీను అన్నారు. 1907లో ఇంగ్లాండులో శామ్యూల్ సైమన్ అనే ఆయన ఈ పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఇప్పుడు పట్టు వాడడం లేదు. పాలిస్టర్, నైలాన్ జాలీలు వాడుతున్నారు.

ఈ రెండిట్లో పాలిస్టర్ మంచిది. నైలాన్ తడిస్తే సాగుతుంది. మనం గుడ్డకు వాడేది నీళ్ళతో కలిసే రంగు. అచ్చు వేశాక స్క్రీను కడగాలి కూడా. సాగే జాలీ మనకు పనికిరాదు.

మెష్ నంబరు ఎలా చదవాలి?

పిండి జల్లెడ వేరు, బియ్యం జల్లెడ వేరు. పిండి జల్లెడలో బియ్యం పోస్తే కిందకు దిగవు. మెష్ కూడా అలాగే రకరకాలుగా ఉంటుంది. ఏ రకమో తెలిపేది నంబరు. ఒక కొలతలో ఎన్ని పోగులు ఉన్నాయో ఆ నంబరు చెబుతుంది. నంబరు పెరిగితే కన్ను చిన్నదవుతుంది.

చిక్కు ఇక్కడే ఉంది. కొందరు అంగుళంలో ఎన్ని పోగులో చెబుతారు. కొందరు సెంటీమీటరులో ఎన్ని పోగులో చెబుతారు. ఒక అంగుళం అంటే రెండున్నర సెంటీమీటర్ల కంటే కాస్త ఎక్కువ. కాబట్టి లెక్క ఇలా వస్తుంది:

సెంటీమీటరుకు 43 అంటే అంగుళానికి సుమారు 110.
సెంటీమీటరుకు 61 అంటే అంగుళానికి సుమారు 155.
సెంటీమీటరుకు 77 అంటే అంగుళానికి సుమారు 195.
సెంటీమీటరుకు 120 అంటే అంగుళానికి సుమారు 305.

ఇప్పుడు చూడండి. పెద్దామె అడిగింది అంగుళానికి 110. ఆమెకు ఇచ్చింది సెంటీమీటరుకు 120. అంటే అంగుళానికి 305. “పదే కదా తేడా” అన్నది నిజం కాదు. తేడా దాదాపు రెండు వందలు!

120 మెష్ కాగితం మీద సన్నని అక్షరాలు వెయ్యడానికి బాగుంటుంది. గుడ్డ రంగు చిక్కగా ఉంటుంది. అంత సన్నని కన్నుల్లోంచి సరిగా దిగదు. గుడ్డ కూడా రంగు పీల్చుకుంటుంది. అందుకే మొదటి పువ్వు వెలిసిపోయినట్టు పడింది.

నూలు గుడ్డ మీద పువ్వులు, ఆకులు, మామిడిపిందెలు వెయ్యడానికి 43 మెష్ చాలు. సన్నని గీతలు ఉంటే 61 తీసుకోవచ్చు. ఇంకా సన్నవైతే 77. కొత్తగా నేర్చుకునేవారు 43తో మొదలుపెట్టడం మంచిది.

షాపులో నంబరు అడగండి. “అంగుళానికా, సెంటీమీటరుకా?” అని కూడా అడగండి. రెండూ బిల్లు మీద రాయించుకోండి. తరువాత మెష్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. 43 మెష్‌లో చిన్న చిన్న గళ్ళు కంటికి ఆనతాయి. 120 మెష్ మామూలు గుడ్డలా నున్నగా కనపడుతుంది.

ఉత్తగా చెయ్యి తిప్పుకోవడానికైతే పాత పల్చటి పాలిస్టర్ కర్టెను గుడ్డ కూడా సరిపోతుంది. అమ్మే సరుకుకు మాత్రం మెష్ కొనాల్సిందే.

చట్రం కొలత ఎంత ఉండాలి?

చట్రం బొమ్మంత ఉంటే చాలదు. రంగు నిలవడానికి చోటు కావాలి. స్క్వీజీ తిరగడానికి చోటు కావాలి. బొమ్మకు కుడివైపు 2 అంగుళాలు, ఎడమవైపు 2 అంగుళాలు వదలాలి. పైన 3, కింద 3 అంగుళాలు వదలాలి.

తామర పువ్వు 7 అంగుళాల వెడల్పు, 7 అంగుళాల పొడవు ఉందనుకుందాం.

వెడల్పు: 7 + 2 + 2 = 11 అంగుళాలు.
పొడవు: 7 + 3 + 3 = 13 అంగుళాలు.

ఇది చట్రం లోపలి కొలత. చట్రానికి ఒకటిన్నర అంగుళం మందం కర్ర వాడతాం. రెండు వైపులా కలిపి 3 అంగుళాలు. కాబట్టి బయటి కొలత 14, 16 అంగుళాలు అవుతుంది.

కర్ర ఎంత కావాలి? 14 + 14 + 16 + 16 = 60 అంగుళాలు. అంటే 5 అడుగులు. కోతలో కొంచెం పోతుంది. ఐదున్నర అడుగులు తీసుకోవాలి.

మెష్ ఎంత కావాలి? చట్రం చుట్టూ మడిచి లాగడానికి ప్రతి వైపూ 2 అంగుళాలు ఎక్కువ ఉండాలి. 18 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల పొడవు ఉన్న ముక్క కావాలి. అడ్డం 40 అంగుళాలు ఉన్న మెష్ ఒక మీటరు కొంటే ఇలాంటి ముక్కలు నాలుగు వస్తాయి. ఒక్కరే కొంటే మూడు ముక్కలు మిగిలిపోతాయి. సంఘంలో నలుగురు కలిసి కొంటే తలా ఒక స్క్రీను అవుతుంది.

చట్రం ఎలా చేయించాలి?

బాగా ఆరిన కర్ర తీసుకోవాలి. పచ్చి కర్ర ఎండాక వంకరపోతుంది. టేకు అయితే మంచిది. పాత తలుపు చెక్కలో బాగున్న ముక్కలు దొరికితే అవీ పనికొస్తాయి. వడ్రంగి చేత నాలుగు ముక్కలు కోయించి, మూలలు జిగురుతో అతికించి, స్క్రూలు బిగించమనాలి.

చట్రం చేతికి వచ్చాక మూడు పరీక్షలు చెయ్యాలి.

ఒకటి. చదునైన గచ్చు మీద పెట్టి మూలలు నొక్కాలి. చట్రం కుంటకూడదు. కుంటితే అచ్చు ఒకవైపు ముద్దగా, ఒకవైపు పల్చగా పడుతుంది.

రెండు. లోపల ఒక మూల నుంచి ఎదురు మూలకు టేపు పెట్టి కొలవాలి. తరువాత ఆ రెండో జత మూలలు కొలవాలి. రెండు కొలతలూ సమానంగా రావాలి. మన 11, 13 అంగుళాల చట్రానికి రెండూ 17 అంగుళాలు వస్తాయి. ఒకటి 17, ఇంకొకటి పదహారున్నర వస్తే చట్రం వంకరగా ఉన్నట్టే. వడ్రంగికి తిరిగి ఇవ్వాలి.

మూడు. చేత్తో అంచులు తడమాలి. పేళ్ళు, గరుకు ఉంటే ఉప్పుకాగితంతో రుద్దాలి. లేకపోతే మెష్ చిరుగుతుంది.

తరువాత వార్నిషు రెండు పూతలు వెయ్యాలి. వార్నిషు లేని కర్ర ప్రతిసారీ నీళ్ళు తాగి ఉబ్బుతుంది.

మెష్ ఎలా బిగించాలి?

స్క్రీనుకు ప్రాణం బిగువు. మెష్ లూజుగా ఉంటే స్క్వీజీతో పాటు అటూ ఇటూ కదులుతుంది. పెద్దామె ఎనిమిదో గలీబు మీద ఒక పువ్వు రెండుగా కనపడింది అందుకే. మెష్ బిగువుగా ఉంటే రంగు లాగిన వెంటనే గుడ్డ నుంచి విడిపోతుంది. అంచులు తీరుగా వస్తాయి.

ఇద్దరు కలిసి చేస్తే ఈ పని తేలిక. ఒకరు లాగాలి. ఒకరు పిన్ను కొట్టాలి. పిన్నులు కొట్టే స్టేపుల్ గన్ వడ్రంగి దగ్గరో, సోఫాలు కుట్టేవారి దగ్గరో ఉంటుంది. ఒక పూటకు అడిగి తెచ్చుకోవచ్చు.

1. మెష్‌ను చట్రం మీద పరచండి. పోగులు చట్రం అంచుకు తిన్నగా ఉండాలి. ఏటవాలుగా ఉండకూడదు.

2. అంచుల మీద నాడా పట్టీ పెట్టండి. నాడా మీదుగా పిన్ను కొడితే మెష్ చిరగదు.

3. ముందు ఒక వైపు సరిగ్గా మధ్యలో ఒక పిన్ను కొట్టండి.

4. ఎదురు వైపుకు వెళ్ళండి. మెష్‌ను గట్టిగా లాగి, మధ్యలో ఒక పిన్ను కొట్టండి.

5. మిగిలిన రెండు వైపులా ఇలాగే మధ్యలో ఒక్కొక్క పిన్ను కొట్టండి. ఇప్పుడు నాలుగు వైపులా నాలుగు పిన్నులు ఉంటాయి.

6. ఇక మధ్య నుంచి మూలల వైపు వెళ్ళండి. ఒక పిన్ను ఇటు కొడితే, ఒక పిన్ను ఎదురుగా అటు కొట్టాలి. ప్రతిసారీ లాగాలి. పిన్నుకూ పిన్నుకూ మధ్య ఒక అంగుళం కంటే ఎక్కువ ఉండకూడదు.

7. మూలలు చివర్లో మడిచి కొట్టండి.

ఒక వైపంతా కొట్టేసి రెండో వైపు మొదలుపెట్టకూడదు. అలా చేస్తే ముడతలు వస్తాయి. మంచానికి నవారు అల్లేటప్పుడు ఒక పక్కే బిగిస్తే ఏమవుతుందో మనకు తెలుసు కదా!

అయ్యాక వేలితో తట్టండి. డప్పులా మోగాలి. మోగకపోతే లూజుగా ఉన్నచోట పిన్నులు తీసి మళ్ళీ లాగి కొట్టాలి. బద్ధకించకూడదు. ఈ గంట కష్టం తరువాత గుడ్డలు పాడవకుండా కాపాడుతుంది.

తరువాత మెష్‌ను గిన్నెలు తోమే సబ్బుతో మెత్తగా రుద్ది కడగాలి. చేతి జిడ్డు పోవాలి. జిడ్డు ఉంటే మందు అంటదు. ఆరాక చట్రానికీ మెష్‌కీ మధ్య ఉన్న సందును లోపలా బయటా బ్రౌన్ టేపుతో మూసెయ్యాలి. లేకపోతే ఆ సందులోంచి రంగు కారుతుంది.

బొమ్మ ఎలా దించాలి?

దీనికి మూడు దారులు ఉన్నాయి.

మొదటిది కాగితం దారి. పల్చటి బటర్ పేపరు మీద బొమ్మ గీసి, బ్లేడుతో కోసి తీసెయ్యాలి. ఆ కాగితాన్ని స్క్రీను కింద పెట్టాలి. మొదటిసారి రంగు లాగగానే తడికి అదే మెష్‌కు అంటుకుంటుంది. ఖర్చు లేదు. కాగితం నానిపోయేదాకా కొన్ని అచ్చులు వస్తాయి. కడిగితే కాగితం పోతుంది. పని నేర్చుకోవడానికి ఇది మంచిది.

రెండోది ప్లాస్టిక్ షీటు దారి. వెనుక జిగురు ఉండి అంటుకునే షీటు దొరుకుతుంది. దాన్ని కూడా ఇలాగే కోసి మెష్ కింది వైపు అంటించాలి. కాగితం కంటే ఎక్కువ కాలం ఉంటుంది. మెల్లగా కడుక్కోవచ్చు.

ఈ రెండిట్లో ఒక ఇబ్బంది ఉంది. పువ్వు మధ్యలో బొడ్డు ఉందనుకోండి. చుట్టూ కోస్తే బొడ్డు ఊడిపోతుంది. దాన్ని విడిగా అంటించాలి. లేదా సన్నని కాడ వదిలి కొయ్యాలి.

మూడోది వెలుతురు దారి. దీనికి ఎమల్షన్ అనే మందు వాడతారు. వెలుతురు తగిలితే ఈ మందు గట్టిపడుతుంది. తగలకపోతే నీళ్ళకు కరిగిపోతుంది. మెష్ రెండు వైపులా మందు పల్చగా, సమంగా పూసి, చీకటి గదిలో ఆరబెడతారు. పారదర్శకంగా ఉన్న ఫిల్ము మీద బొమ్మను చిక్కటి నలుపుతో వేస్తారు. ఆ ఫిల్మును మెష్‌కు ఆనించి, పైన అద్దం పెట్టి, వెలుతురు చూపిస్తారు. నలుపు కింద వెలుతురు పడదు. అక్కడ మందు గట్టిపడదు. తరువాత నీళ్ళతో కడిగితే బొమ్మ మేరకు మందు కరిగి పోతుంది. జాలీ తెరుచుకుంటుంది. ఎన్ని నిమిషాలు వెలుతురు చూపాలో మందును బట్టి, దీపాన్ని బట్టి మారుతుంది. అందుకే ముందు చిన్న ముక్క మీద చూసుకోవాలి. అట్టముక్క కొంచెం కొంచెం జరుపుతూ ఒకచోట ఒక నిమిషం, ఒకచోట రెండు, ఒకచోట మూడు చూపి, ఏది బాగా వచ్చిందో రాసి పెట్టుకోవాలి.

ఎమల్షన్‌లో రెండు రకాలు ఉన్నాయి. ఒకటి నీళ్ళ రంగులకు తట్టుకుంటుంది. ఇంకొకటి నూనె రంగులకు తట్టుకుంటుంది. పెళ్ళి కార్డుల షాపులో సాధారణంగా రెండో రకం వాడతారు. దాని మీద నీళ్ళ రంగు పోస్తే మందు మెత్తబడి ఊడిపోతుంది. పెద్దామె ఆరో గలీబుకు చుక్కలు చుక్కలుగా రంగు కారింది అందుకే. షాపులో చేయించేటప్పుడు, “గుడ్డ మీద వెయ్యడానికి, నీళ్ళ రంగుకు” అని ముందే చెప్పాలి.

జాగ్రత్త! నారింజ రంగు పొడి

పాత పద్ధతిలో జిగురులో బైక్రోమేట్ అనే పొడి కలిపి ఎమల్షన్ చేసేవారు. కొన్నిచోట్ల అది ఇంకా దొరుకుతుంది. నారింజ రంగులో పలుకుల్లా ఉంటుంది. ధర తక్కువ. కానీ అది విషం. చేతికి తగిలితే దురద, మానని పుండ్లు వస్తాయి. ఆ దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తుల కాన్సరు వచ్చే ప్రమాదం ఉంది. వంట చేసే ఇంట్లో, పిల్లలు తిరిగే ఇంట్లో అది ఉండకూడదు.

ఇప్పుడు డయాజో రకం, కలిపే పని లేకుండా వాడే రెడీమేడు రకం దొరుకుతున్నాయి. అవే అడగండి. వాటికీ చేతికి తొడుగు వేసుకోవాలి. వంట గిన్నెల్లో కలపకూడదు. సీసా మీద రాసింది చదవండి. చదవడం వచ్చింది కదా!

కొంటే ఏం చూడాలి?

రెడీమేడు స్క్రీన్లు కూడా దొరుకుతాయి. అల్యూమినియం చట్రం ఉన్నవి ఖరీదు ఎక్కువ. కానీ అవి నీళ్ళకు ఉబ్బవు, వంకరపోవు. మెష్ చిరిగితే అదే చట్రానికి కొత్త మెష్ వేయించుకోవచ్చు. మిషను మీద లాగి అతికిస్తారు కాబట్టి బిగువు బాగుంటుంది.

కొనే ముందు ఐదు విషయాలు చూడండి.

1. తట్టితే డప్పులా మోగుతుందా?
2. చదునైన చోట పెడితే కుంటుతుందా?
3. మెష్ నంబరు ఎంత? ఏ లెక్క?
4. ఎమల్షన్ నీళ్ళ రంగుకు తట్టుకుంటుందా?
5. బొమ్మకు చుట్టూ 2, 3 అంగుళాల చోటు ఉందా?

ఇప్పుడు ఖర్చు చూద్దాం. ధరలు ఊరూరికీ మారతాయి. మీ ఊరి ధర అడిగి మీరే రాయండి.

చేసుకుంటే:
కర్ర ............ రూపాయలు
వడ్రంగి కూలి ............ రూపాయలు
మెష్ ముక్క ............ రూపాయలు
పిన్నులు, నాడా, టేపు, వార్నిషు ............ రూపాయలు
మొత్తం ............ రూపాయలు

కొంటే:
స్క్రీను ధర ............ రూపాయలు
పట్నం వెళ్ళి వచ్చే చార్జీ ............ రూపాయలు
పోయిన రోజు కూలి ............ రూపాయలు
మొత్తం ............ రూపాయలు

చాలామంది చివరి రెండు అంకెలు రాయరు. అవి కూడా మన డబ్బే.

ఒకటి రెండు బొమ్మలతో చిన్న పని చేసేవారికి చేసుకోవడం లాభం. పెద్ద ఆర్డరు వస్తే, సన్నని గీతల బొమ్మలు అయితే, కొనడం లేదా షాపులో చేయించడం మంచిది. ఏది చేసినా మొదటి స్క్రీను మాత్రం మీ చేత్తో మీరు బిగించి చూడండి. ఒకసారి చేత్తో బిగిస్తే బిగువు ఏమిటో తెలుస్తుంది. అప్పుడు షాపులో ఎవరూ మిమ్మల్ని మాటలతో ఒప్పించలేరు.

వాడాక ఏం చెయ్యాలి?

అచ్చు ఆపగానే స్క్రీను కడగాలి. భోజనం చేసి వచ్చి కడుగుదాం అనుకోకూడదు. రంగు ఎండితే కన్నులు మూసుకుపోతాయి. మళ్ళీ తెరుచుకోవు. మెత్తటి స్పాంజితో రెండు వైపులా కడిగి, నీడలో ఆరబెట్టాలి. కడిగిన నీళ్ళు బావి దగ్గర, చెరువులో పొయ్యకూడదు. ఆరిన స్క్రీనును నిలబెట్టి దాచాలి. పైన బరువు పెట్టకూడదు. గోళ్ళు, కత్తెరలు తగలకుండా చూడాలి.

నిజం చెప్పి అమ్మాలి

కృష్ణా జిల్లా పెడనలో చెక్క అచ్చులతో కలంకారీ వేస్తారు. శ్రీకాళహస్తిలో కలంతో చేత్తో గీస్తారు. ఆ పనికి ఎన్నో రోజులు పడుతుంది. అదే బొమ్మను స్క్రీనుతో త్వరగా వెయ్యవచ్చు. అలా వేసినదాన్ని “చేతి కలంకారీ” అని అమ్మేవారు ఉన్నారు. దానివల్ల అచ్చు పట్టే చేతుల కూలి పడిపోతుంది. కొన్నవారూ మోసపోతారు. స్క్రీను అచ్చును స్క్రీను అచ్చు అనే చెప్పి అమ్మాలి. అందులో చిన్నతనం లేదు.

తోడికోడళ్ళు ఏం చేశారు?

పెద్దామె వడ్రంగి దగ్గరకు వెళ్ళి చట్రం చేయించింది. చిన్నామె పట్నం వెళ్ళి, “సెంటీమీటరుకు 43, పాలిస్టర్” అని కాగితం మీద రాసి చూపించి మెష్ తెచ్చింది. ఇద్దరూ కలిసి బిగించారు. మొదటిసారి ఒక మూల ముడత వచ్చింది. తీసి మళ్ళీ బిగించారు. పువ్వును ప్లాస్టిక్ షీటు మీద కోశారు.

అచ్చు వేసే ముందు గుడ్డను ఉతికి గంజి పోగొట్టారు. బల్ల మీద దుప్పటి పరిచి, పైన పాత చీర కప్పారు. ముందు చిరుగు గుడ్డ మీద రెండు అచ్చులు వేసి చూశారు. పువ్వు నిండుగా పడింది. మిగిలిన 12 గలీబులకు అచ్చు వేశారు. ఆరాక, రంగు డబ్బా మీద రాసినట్టు ఇస్త్రీ చేశారు.

పాడైన 8 గలీబుల మాట పెళ్ళివారికి దాచలేదు. గుడ్డ సొంత డబ్బుతో కొని కుట్టి ఇచ్చారు. పెళ్ళికి మూడు రోజుల ముందే 20 గలీబులూ అందాయి. ఈ పనిలో వారికి లాభం మిగల్లేదు. మాట మిగిలింది. స్క్రీను మిగిలింది. మూడు మెష్ ముక్కలు మిగిలాయి. వాటిని సంఘంలో ముగ్గురు అసలు ధరకే తీసుకున్నారు.

“వీటిని బిగించేటప్పుడు నేనూ వస్తాను. ఒకరు లాగాలి, ఒకరు కొట్టాలి కదా” అంది పెద్దామె.

కొత్త మాటలు

మెష్ – చట్రానికి బిగించే జాలీ గుడ్డ.
స్క్వీజీ – రంగును లాగే రబ్బరు పట్టీ.
ఎమల్షన్ – వెలుతురు తగిలితే గట్టిపడే మందు.
గలీబు – తలగడకు వేసే తొడుగు.

ఆలోచించండి, రాయండి

1. సెంటీమీటరుకు 43 అంటే అంగుళానికి సుమారు ఎంత?
2. పెద్దామె కొన్న స్క్రీనులో ఉన్న మూడు తప్పులు ఏవి?
3. మీ బొమ్మ 9 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల పొడవు ఉంది. చట్రం లోపలి కొలత ఎంత ఉండాలి?
4. మీ ఊళ్ళో కర్ర, మెష్ ధరలు అడిగి పై లెక్కలో రాయండి. కొంటే లాభమా, చేసుకుంటే లాభమా?